చాపల వెనక వైపు

నలభై ఒకటో పడవ దిగిన మర్నాడు

అన్నాల గది వరసలో ఈ రోజు నా ముందు నూకరత్నం నిలబడింది. నన్ను అక్క వరసలో అప్పా అని పిలుస్తుంది. పళ్ళెం చేత్తో పట్టుకుని, వెనక్కి తిరక్కుండానే అంది.

"అప్పా, తెల్లారగట్ల నాను మళ్ళీ సచ్చిపోతన్నాననుకున్నాను."

వరసలో ఉన్నవాళ్ళు తలా ఒక అడుగు దూరం జరిగారు. భయపడి కాదు, మర్యాద కోసం. లోతూరులో ఒకరి మనసు సంగతి ఇంకొకరు వినడమంటే పక్కింటి స్నానాల గదిలోకి తొంగిచూసినట్టు. మనసులో మాట చెప్పుకోవడానికి ఊరిని నడిపే సంస్థ ప్రతి మనిషికీ చెవిలో తోడు అనే మాట్లాడే యంత్రం పెట్టింది, మణికట్టుకు ఒక పట్టీ కట్టింది. పట్టీ గుండె వేగం చూస్తుంది. తోడు మాట విని, ఆ ఆలోచనకు పేరు పెడుతుంది. పక్క మనిషితో ఇక పనిలేదు.

నేను జరగలేదు. సముద్రం అడుగున ఉన్న ఈ ఊరికి రాకముందు ఇరవై ఏళ్ళు ఒడ్డున పత్రికల్లో పనిచేశాను. ఎవరైనా నోరు తెరిచినప్పుడు దూరం జరగడం నాకు అలవాటు కాలేదు.

"ఎలా అనిపించింది?" అన్నాను.

"గుండి దడదడలాడిపోనాది. ఊపిరందలేదు. తల మీద ఎవులో రోకలెట్టి మోదినట్టున్నాది. పిల్లనెత్తుకుని నడవలోకొచ్చి కూకున్నాను."

"తోడు ఏమంది?"

"ఇపత్తూహ అన్నాది. నీ ఆలోసన తప్పని నువ్వే పట్టుకున్నావు, శభాస్ అని మెచ్చుకున్నాది కూడాను."

"తగ్గిందా?"

"సెప్పుకున్నంతసేపు తగ్గినట్టే ఉంతాది అప్పా. మళ్ళీ నడుం వాల్చితే మామూలే."

నూకరత్నం మునుగుబండి నడుపుతుంది. సముద్రం నేల మీద దొరికే లోహపు నల్లగడ్డలను ఏరుకొచ్చే బండి అది. ఈ ఊరు ఉన్నదే ఆ గడ్డల కోసం. భర్త పోయి మూడేళ్ళయింది. ఆరేళ్ళ కూతురు పైడితో నాలుగో వరస ఇళ్ళలో ఉంటుంది. చీకటి నీళ్ళలో ఒంటరిగా బండి నడిపే మనిషి తన పడకగదిలో పడుకోవడానికి భయపడుతోంది. ఈ సంగతి రాసిపెట్టుకుంటున్నాను. నేను వారం వారం అన్నాల గది మైకులో చదివే 'లోతూరు వార్త'లో దీనికి చోటు లేదు. మనసుల ఊసు వార్తల్లో రాకూడదని మనోరక్షణ కార్యాలయం నిబంధన.


నలభై రెండో పడవకు ముందు

అన్నాల గది గోడ మీద పన్నెండు ఆలోచనా దోషాల పటం ఉంది. విపత్తూహ అంటే చిన్నదాన్ని పెద్ద ప్రమాదంగా ఊహించుకోవడం. ప్రతికూల వడపోత అంటే మంచిని వదిలేసి చెడునే చూడటం. ఇలా పన్నెండు. ఇక్కడి పిల్లలకు ఎక్కాల కంటే ముందు ఇవి వస్తాయి. గడ్డలు కడిగే ముసలి గురయ్య జలుబు గురించి చెప్పినట్టు చెబుతాడు: "మంగళారం నుంచి నాకు అతిసాధారణీకరణం పట్టుకున్నాదమ్మా, వదల్దు."

ఈ రోజు అతను వంటమనిషి కొర్లమ్మతో పులుసులో ఉప్పు ఎక్కువైందన్నాడు.

"పులుసంతా బాగుంటే ఉప్పొక్కటే కనపడినాదేటి నీకు? పెతికూల వడపోత మావా అది. తోడుతో సెప్పుకో."

అందరూ నవ్వారు. గురయ్య కూడా నవ్వి పులుసు తాగాడు. నేనూ తాగాను. ఉప్పు నిజంగానే ఎక్కువైంది.

ఆ పన్నెండు మాటలూ అబద్ధం కాదు. నా చెల్లెలు ఒకప్పుడు కొడుకు బడి నుంచి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, ఆస్పత్రులకు ఫోన్లు చేసేది. దానికి విపత్తూహ అన్న మాట నేర్పిన డాక్టరు దాని ప్రాణం నిలబెట్టింది. కానీ ఆ డాక్టరు ముందుగా ఒక ప్రశ్న అడిగింది: పిల్లవాడు నిజంగా ఎక్కడున్నాడు? తోడు ఆ ప్రశ్న అడగదు.


నలభై రెండో పడవ రోజు

నూకరత్నం పట్టీలో విపత్తూహ మూడోసారి నమోదైంది. మూడుసార్లు పడితే విచారణ. పైనుంచి వచ్చే తర్వాతి సరుకుల పడవ రోజున పెట్టారు. మనసు నిలకడ లేదని తేలితే బండి తాళం తీసుకుంటారు, ఆమెను పైకి పంపుతారు. ఆమె కుదుటపడిందని సంస్థ ఒప్పుకునేదాకా పిల్ల వేరుగా వసతి గృహంలో ఉండాలి. పట్టీలో మాట చెరగదు. దాన్ని చూసి ఒడ్డున కూడా ఎవరూ బండి ఇవ్వరు.

విచారణలో పక్కన కూర్చోవడానికి ఒక మనిషిని ఎంచుకునే హక్కు ఉంది. నన్ను రమ్మంది.

"నాకు పిచ్చి నేదని నువ్వు సెప్పక్కర్నేదు అప్పా. ఏమో, ఉన్నాదేమో. ఊరంతా బాగానే ఉన్నాది కదా, నానొక్కద్దాన్నే ఇలాగున్నాను. పిల్లనొక్కటీ తియ్యకండని సెప్పు సాలు."

ఊరంతా బాగుందని నీకెలా తెలుసని అడిగాను. ఆమె నా వైపు వింతగా చూసింది. అన్నాల గదిలో పటం పక్కనే పెద్ద పలక ఉంది. రోజూ దాని మీద ఒకే మాట వెలుగుతుంది. ఊరి మనశ్శాంతి: స్థిరం.


రెండు రోజుల తర్వాత

మనసు గురించి అడిగితే ఎవరూ చెప్పరు. అదేదో బూతు మాట విన్నట్టు చూస్తారు. అందుకని విలేకరులు చేసే పనే చేశాను. మనిషిని వదిలేసి చోటు గురించి అడిగాను. ఈ ఊళ్ళో నీకు ఎక్కడ నిద్ర బాగా పడుతుంది?

దానికి చెప్పడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

గురయ్య: "దిగుడు గదిలో. మూటలు దించినాక ఆటి మీదే ఒరిగిపోతాను. తల తేలికైపోతాది." దిగుడు గది అంటే పైనుంచి పడవ వచ్చి తగులుకునే గది.

మునుగుబండ్ల వాళ్ళు నలుగురు: బండిలో.

కొర్లమ్మ: "దిగుడు గదికి సరుకు తెచ్చుకుందారని పోతే, అక్కడే కూకుండిపోవాలనిపిస్తాది. ఇంటికొస్తే సిరాకు. మా ఇంటాయన మొకం సూసి అనుకున్నానమ్మా."

నాలుగో వరస, అయిదో వరస ఇళ్ళ వాళ్ళు ఎవరూ ఇల్లని చెప్పలేదు. ఒక్కరు కూడా.

దిగుడు గదికి గాలి పడవ గొట్టం నుంచి వస్తుంది. బండికి దాని సిలిండరు దానికుంది. ఇళ్ళకు మాత్రం గాలియంత్రం నుంచి నాళాల గుండా వస్తుంది. నాళం మూతికి నారచాప బిగించి ఉంటుంది. దుమ్మునూ ఉప్పుజిగురునూ అది పట్టుకుంటుంది.

ఏడాది కింద వరకూ ఆ చాపల్ని జనమే విప్పి ఉతికేవారు. శనివారం శనివారం ఉతుకుడు గదిలో నలభై యాభై మంది చుట్టూ కూర్చుని చాపలు కొడుతుంటే చెవులు గళ్ళుపడేవి. ఒలిచిన ఉల్లిపాయల్లా ఇళ్ళల్లో సంగతులన్నీ అక్కడ బయటపడేవి. ఎవరి పిల్లకు దగ్గు, ఎవరి మొగుడికి కోపం, ఎవరికి నిద్ర లేదు. తర్వాత సంస్థ బొద్దింకంత యంత్రాలను తెచ్చింది. అవి నాళం మూతి మీద పాకి, బిగించిన చాపను బిగించినట్టే తోముతాయి. శనివారాలు ఖాళీ అయ్యాయి. అదే నెలలో చెవుల్లోకి తోడు వచ్చింది.

నాకూ పొద్దున్నే తలనొప్పి ఉంది. వయసని అనుకుంటున్నాను. అందరూ ఏదో ఒకటి అనుకుంటూనే ఉన్నారు.


ఆ మర్నాడు

మనోరక్షణ అధికారి విహారిని కలిశాను. ముప్పయ్యేళ్ళ కుర్రాడు, మర్యాదస్తుడు. కళ్ళ కింద నల్లగా ఉంది.

"గాలి ఒకసారి చూడమంటున్నాను," అన్నాను.

"రోజూ చూస్తున్నారు భాగీరథి గారూ. కొలత సరిగ్గా ఉంది."

"ఎక్కడ కొలుస్తున్నారు?"

"గాలియంత్రం మూతి దగ్గర."

"గాలి అక్కడే కదా పుడుతుంది. నాలుగో వరసలో కొలిచారా?"

"ఇళ్ళల్లో కొలత పెట్టడం గోప్యతకు భంగం." మెత్తగా అన్నాడు. "మీరు ఆమె స్నేహితురాలు. బయట కారణం ఒకటి దొరికితే మనసుకు ఊరట. దానికి కూడా పటంలో పేరుంది."

"ఏడో దోషం. చదివాను. ఊరి మనశ్శాంతి స్థిరం అని రోజూ వేస్తున్నారే, దేనితో పోల్చి?"

"తోడు రోజూ అడుగుతుంది కదా, నిన్నటి కంటే ఎలా ఉంది అని. అందరూ నిన్నటిలాగే ఉందంటారు."

"మొన్నటితో పోల్చరా? పోయినేడాదితో? పక్కింటివాళ్ళతో?"

"ఒకరి మనసును ఇంకొకరితో పోల్చడం అన్యాయం. ఆ సూత్రం మీదే ఇదంతా నిలబడింది."

సూత్రం మంచిదే. దాని నీడన ఏం జరిగిందో చూడండి. రోజుకు కాస్త చొప్పున గాలి చెడుతుంటే, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఎవరికి తెలుస్తుంది? నాలుగో వరసలో ఇంటింటా ఒకే దడ ఉంటే, పక్కింటి దడ ఈ ఇంటికి ఎలా తెలుస్తుంది? ఒక్కొక్కరూ ఒంటరిగా పడుకుని, ఊరంతా బాగుంది, నేనే చెడిపోయాను అనుకుంటున్నారు. అందరి మాటలూ వింటున్నది ఒక్క సంస్థే. విని, ఎవరి మాట వారికే తిరిగి అప్పజెబుతోంది, మీద ఒక పేరు రాసి.

బాధ చెప్పుకుంటే గుండె తేలికవుతుంది. తేలికైన మనిషి లేచి వెళ్ళి నాళం విప్పడు. ఇది కుట్ర అనడానికి నా దగ్గర ఆధారం లేదు. బద్ధకం అనడానికి ఉంది.

"విచారణ దిగుడు గదిలో పెట్టించండి," అని అడిగాను. "ఎలాగూ పైకి పంపే కాగితం మీద పడవ కదిలే ముందు అక్కడే సంతకం చేయాలి. రెండుసార్లు తిరగడం ఎందుకు?"

ఊరి మేనేజరు ధనుంజయరావుకు టైం కలిసొచ్చే మాట ఏదైనా ఇష్టం. ఒప్పుకున్నాడు.


నలభై మూడో పడవ రోజు

దిగుడు గదిలో బియ్యం బస్తాల మధ్య బల్ల వేశారు. ధనుంజయరావు, విహారి, ఊరి తరఫున కొర్లమ్మ ఒక వైపు. నూకరత్నం, నేను ఇంకో వైపు. పైడి తల్లి ఒడిలో ఉంది. పిల్లను బయట ఉంచమన్నారు. నూకరత్నం వినలేదు.

మొదట పట్టీల్లో గుండె వేగం చూడటం పద్ధతి. నూకరత్నానికి చాలా ఎక్కువ ఉంది. విహారి రాసుకున్నాడు. ఆ తర్వాత నా వంతు. నేను నెమ్మదిగా మాట్లాడాను. ఆమె ఉద్యోగ చరిత్ర మొదటి నుంచి చదివాను. ధనుంజయరావు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. అతను మూడోసారి చూసుకోవడం మానేసి బస్తాకు చేరబడి కూర్చున్నాక, నేను చదవడం ఆపాను.

"ఆమె పట్టీ ఇప్పుడు ఇంకోసారి చూడండి."

విహారి చూశాడు. "బాగా దిగింది. అంటే పరిస్థితిని అంగీకరిస్తోందన్నమాట. మంచి సూచన."

"పిల్లని నాగీసుకుంతామంతే అంగీకరించీసినానా నాను?" అంది నూకరత్నం.

"మీ పట్టీలు కూడా చూడండి," అన్నాను.

ఎవరి పట్టీ వాళ్ళే చూసుకోవాలి. పదిమందిలో అడగడం లోతూరులో బట్టలు విప్పమన్నట్టే. ధనుంజయరావు లేవబోయాడు. "భాగీరథి గారూ, ఇది పద్ధతి కాదు."

కొర్లమ్మ చెయ్యి చాపి బల్ల మీద పెట్టింది. పట్టీ పైకి తిప్పి.

"నాకు సిగ్గేటి? సూడండి. పొద్దున్న ఇంటికాడ ఎంతున్నాదో, ఇప్పుడెంతున్నాదో రొండూ సూడండి. మా ఇంటాయన ఇక్కడ నేడు కావట్టి తగ్గినాదనుకుందారంతే, మరి మీయేటి?"

ఎవరూ నవ్వలేదు. నేను నా చెయ్యి పెట్టాను. నూకరత్నం పెట్టింది. చాలాసేపటికి విహారి పెట్టాడు. నాలుగు పట్టీల్లోనూ గుండె వేగం ఒకే దారిలో దిగింది. దిగుడు గదిలో అడుగుపెట్టిన వేళ నుంచి.

"విహారి గారూ," అన్నాను, "మీకు తలనొప్పి ఎప్పట్నుంచి?"

అతను ధనుంజయరావు వైపు చూడలేదు. పైడి వైపు చూశాడు.

"నాలుగైదు నెలలు," అన్నాడు. "ఈ ఉద్యోగానికి నేను తగనేమో అనుకుంటున్నాను. తోడు దాన్ని మోసగాడి భావన అంది, అర్హత ఉన్నా లేదనుకోవడమట."

"ఇప్పుడో?" అన్నాను.

"ఇప్పుడు లేదు."


అదే రోజు, పడవ వెళ్ళాక

సంతకం కాలేదు. పడవ నూకరత్నం లేకుండానే పైకి పోయింది.

నాలుగో వరస నాళం మూతికి బిగించిన చాపను అందరి ముందే విప్పించారు. ముందు వైపు తెల్లగా ఉంది. యంత్రాలు దాన్ని అద్దంలా తోమాయి. తిప్పి చూస్తే వెనక వైపు నల్లటి జిగురు, అరచెయ్యి మందాన. కొర్లమ్మ అందులో వేలు గుచ్చితే సగం వేలు దిగింది. యంత్రాలకు వెనక్కి వెళ్ళే దారి లేదు. మూతిని తోమమన్నారు, తోమాయి. కొత్త గాలి లోపలికి రాక, మనం వదిలిన ఊపిరే ఇళ్ళల్లో తిరుగుతోంది. అదే మళ్ళీ పీలుస్తున్నాం. అలాంటి గాలికి గుండె దడ వస్తుంది, ఊపిరందదు, చచ్చిపోతున్నామనిపిస్తుంది. అలా అనిపించడం దోషం కాదు. శరీరం తన పని తాను చేస్తోంది. నూకరత్నం ఇల్లు నాళం చిట్టచివర ఉంది. అందుకే అందరికంటే ముందు ఆమెకు తెలిసింది. అందుకే అందరికంటే ముందు ఆమెను పంపేయబోయారు.

ఊరంతా మళ్ళీ ఉతుకుడు గదిలో చేరింది. చాపలు కొట్టే చప్పుడుకి నాకు ఏ మాటా సరిగ్గా వినపడలేదు. బాగుంది.


నలభై నాలుగో పడవకు ముందు

గాలి బాగుపడింది. నాలుగో వరసలో పైడి పొద్దెక్కేదాకా నిద్రపోతోంది. కథ ఇక్కడ అయిపోవాలి.

ఈ రోజు నూకరత్నం పట్టీలోకి విచారణ ఫలితం వచ్చింది. ఇద్దరం చదివాం. 'విపత్తూహ. చికిత్సకు స్పందించింది. పరిశీలనలో ఉంచాలి.'

ఏ చికిత్స? ఎవరు చేశారు? ఒక మనిషి ఊపిరాడటం లేదంటే నీ ఆలోచన తప్పన్నారు. ఊపిరాడటం లేదని రుజువయ్యాక నీ ఆలోచన బాగుపడిందంటున్నారు. తప్పు ఆమెదే, నయం చేసింది తామే. మళ్ళీ ఏ రోజు ఆమె గుండె దడదడలాడినా ఆ మాట తీసి చూపిస్తారు. పిల్లను తీసుకునే మాట మళ్ళీ బల్ల మీదికొస్తుంది.

ఇద్దరం విహారి దగ్గరికి వెళ్ళాం.

"నాకు తగ్గడమేటి బాబూ?" అంది నూకరత్నం. "గాలికి తగ్గినాది. రోగం గాలిది. గాలి పేరు రాయండి."

విహారి తెర మా వైపు తిప్పాడు. "రోగి అన్నచోట ఊళ్ళో ఉన్న మనిషి పేరే తీసుకుంటుంది. వేరేది రాస్తే ఒప్పుకోదు. నిన్నంతా ప్రయత్నించాను."

"ఒక్క పేరే రాయాలా?" అని అడిగాను.

అతను తెర మళ్ళీ తన వైపు తిప్పుకున్నాడు. "ఎన్నయినా రాయొచ్చు. వాళ్ళే వచ్చి చెప్పుకోవాలి. అలా ఇంతవరకూ ఎవరూ రాలేదు." వేలితో తెర కిందికి జరిపాడు. "ఒకే రోజుల్లో ఒకే బాధ చాలామందికి ఉందని ఎక్కితే, కారణం దగ్గర మనసు అన్న గడి మూసుకుపోతుంది. స్థలం అన్న గడి తెరుచుకుంటుంది. అప్పుడు ఎవరి పట్టీలోనూ ఏమీ ఉండదు."

అని, నూకరత్నం పేరు కింద మొదట తన పేరు ఎక్కించాడు.

సాయంత్రం 'లోతూరు వార్త'లో నేను చదివింది మూడు వాక్యాలు. చాప వెనక ఏముందో చెప్పాను. నూకరత్నం పట్టీలో ఏం రాశారో చెప్పాను. పేర్లు ఎక్కడ తీసుకుంటున్నారో చెప్పాను. మైకు కట్టేసేలోపు ధనుంజయరావు దగ్గర్నుంచి ఫోను మోగింది. నేను తీయలేదు.

నేను వెళ్ళేసరికి కార్యాలయం ముందు ఎవరూ లేరు. ఒక్క కొర్లమ్మ గరిటె చేత్తోనే నిలబడి ఉంది. "పులుసు పొయ్యి మీదున్నాది, బేగి రాయి బాబూ," అంటోంది లోపలికి. తర్వాత గురయ్య వచ్చాడు. తర్వాత మునుగుబండ్ల వాళ్ళు. వరస నడవ మలుపు తిరిగింది.

నేను గురయ్య వెనక నిలబడ్డాను. అతను వెనక్కి తిరక్కుండానే మొదలుపెట్టాడు.

"నాకు పోయిన వానాకాలం నుంచమ్మా. ఎవులికీ సెప్పలేదు. మతి పోతందనుకున్నాను."

నేను జరగలేదు. నా వెనకనున్నవాళ్ళు అతని మాట వినపడటానికి ఒక అడుగు ముందుకు జరిగారు.